నాగర్‌కర్నూల్‌లో ఆగిపోయిన పాఠం

ఆప్టికల్ ఫైబర్ మీద పరిశోధన చేస్తున్నానని పెద్దమందడిలో మా అమ్మకు చెప్పినప్పుడు, "అంటే వైర్లా?" అని అడిగింది. వెంట్రుకంత సన్నటి గాజు పోగులనీ, వాటిలోంచి వెలుగు పోతుందనీ, ఆ వెలుగులోనే మాటా బొమ్మా అన్నీ పోతాయనీ చెప్పాను. కొంచెంసేపు ఆలోచించి, "మరి గాజు వంగుతదా?" అంది. వంగుతుందన్నాను. గాజు ఎందుకు వంగుతుందో చెప్పబోయి, అది నాకే సరిగ్గా తెలియదని గ్రహించి ఊరుకున్నాను. ఆమె చాట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ రోజుల్లో నా పరిస్థితి అలాగే ఉండేది. వనపర్తిలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతూ, హైదరాబాదులో పీహెచ్‌డీకి నమోదయ్యాను. నా అంశాన్ని మల్టీకాస్ట్ అంటారు. ఒకచోటి నుంచి ఒక్కసారి పంపిన సమాచారం దారిలో చీలి, కావాలన్న అందరికీ చేరడం. వెలుగును రెండుగా చీలిస్తే ఒక్కొక్క పాయా బలహీనపడుతుంది. నాలుగుగా చీలిస్తే ఇంకా. దాన్ని ఎక్కడ చీల్చాలి, ఎవరెవరు వింటున్నారో ఎలా కనిపెట్టాలి, వినడం మానేసినవాళ్లకు పంపడం ఎలా ఆపాలి, ఇవీ నా ప్రశ్నలు. కంప్యూటర్లో ఊళ్లకు బదులు చుక్కలు పెట్టుకుని, చుక్కల మధ్య గీతలు గీసుకుని లెక్కలు వేసేదాన్ని. ఒకరోజు వచ్చిన ఫలితం మరునాడు వచ్చేది కాదు. ఎందుకు రాలేదో కనుక్కునేలోపు మొదటిరోజు ఎందుకు వచ్చిందో మరచిపోయేదాన్ని.

అలాంటి సమయంలో మా గైడుగారు ఒక చిన్న ప్రయోగం సంపాదించారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అప్పుడు మూడూ ఒకే జిల్లాలో ఉండేవి. మూడు ఊళ్లనూ కలుపుతూ భూమిలో ఫైబర్ అప్పటికే పడి ఉంది. అందులో వాడకుండా ఉన్న పోగుల్ని మాకు కొన్నాళ్లు ఇచ్చారు. వనపర్తిలో ఒక గదిలో కెమెరా పెట్టి ఇంటర్ లెక్కల పాఠం చెప్పించాలి. అదే సమయంలో గద్వాలలోనూ నాగర్‌కర్నూల్‌లోనూ పిల్లలు టీవీలో చూడాలి. పాఠం ఒక్కసారే బయలుదేరి, దారిలో చీలి, రెండు ఊళ్లకూ పోవాలి. నా చుక్కలకు మొదటిసారి ఊరిపేర్లు వచ్చాయి.

పాఠం చెప్పడానికి వనపర్తిలో ఒక లెక్కల సారును ఒప్పించాం. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. ఆయన క్లాసంటే పక్క కాలేజీ పిల్లలు కూడా కిటికీల దగ్గర నిలబడేవారని చెప్పుకునేవారు. ఆయనకు ఒక అలవాటు ఉంది. లెక్క పూర్తయ్యాక పిల్లల వైపు తిరిగి, "తెలిసిందా?" అని అడిగి ఆగుతారు. కెమెరా ముందు కూడా అలాగే అడిగి ఆగారు. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను.

"సార్, వాళ్ల మాట మనకు వినబడదు. ఇది ఒక వైపుకే పోతుంది," అన్నాను.

"తెలుసమ్మా," అన్నారాయన. "అయినా అడుగుత."

వారానికి మూడు పాఠాలు సాగాయి. పాఠం అయ్యాక రెండు ఊళ్లకూ ఫోన్ చేసేదాన్ని. గద్వాల నుంచి అక్కడి మేడమ్, "వస్తున్నది, బెల్లు కొట్టేదాంక వస్తున్నది," అనేది. నాగర్‌కర్నూల్‌లో ఆ గది చూసుకునేది ఒక ఫిజిక్స్ సారు. వాళ్ల కుటుంబానికి బజార్లో బట్టల దుకాణం ఉండేది. ఆయనొక్కడే చదువుల వైపు వచ్చాడు. ఆయన కూడా నెమ్మదిగా, "మంచిగ వస్తుంది మేడమ్, పిల్లలు చూస్తున్రు," అనేవాడు. నేను గైడుగారికి అంతా బాగుందని చెప్పేదాన్ని.

వృత్తాల అధ్యాయం అయ్యాక లెక్కల సారు ఒక పరీక్ష పెట్టారు. రెండు ఊళ్ల నుంచీ జవాబు కాగితాలు బస్సులో తెప్పించాం. మరునాడు ఆయన నన్ను స్టాఫ్‌రూమ్‌కు పిలిపించారు. ముందు రెండు కట్టలున్నాయి. ఆయన ముఖంలో కోపం లేదు. దారి తప్పిన మనిషిలా ఉన్నారు.

"ఇది చూడమ్మా," అని ఒక గద్వాల కాగితం తీశారు. ఒక గీత వృత్తానికి స్పర్శరేఖ అవుతుందా అన్నది ప్రశ్న. ఆ పిల్లవాడు గీత సమీకరణాన్ని వృత్తంలో ప్రతిక్షేపించి, విచక్షణి సున్నా అయిందని చూపించాడు. "నేను చెప్పింది ఇదే. ఇప్పుడు ఇది చూడు."

నాగర్‌కర్నూల్ కాగితంలో బొమ్మ గీసి ఉంది. కేంద్రం నుంచి గీతకు లంబం. ఆ దూరం వ్యాసార్థానికి సమానం, కాబట్టి స్పర్శరేఖ. రెండు వరుసల్లో జవాబు.

"ఇదీ కరెక్టే కదా సార్?"

"కరెక్టే. ఒక్కరు గిట్ల రాస్తే తెలివైనోడు అనుకుందు. అందరూ గిట్లనే రాసిన్రు. నేను ఈ పద్ధతి చెప్పలే. మరి ఎవరు చెప్పిన్రు?"

పాఠం వెళ్తోంది, వాళ్లు చూస్తున్నామంటున్నారు. చూసినవాళ్లు చూసినదాన్ని వదిలేసి వేరేది ఎందుకు రాస్తారు? చూచిరాత జరిగిందేమో అన్నాను. "ఒకరి దాంట్లో చూసి ఒకరు రాస్తే తప్పులు కూడా ఒకేతీరు ఉంటయి. ఇక్కడ తప్పులు ఎవరివి వాళ్లవే," అన్నారాయన.

మరుసటి పాఠం నాడు నేను నాగర్‌కర్నూల్ వెళ్లాను. గోపాల్‌పేట మీదుగా బస్సు. ఒళ్లో లాప్‌టాప్, సంచిలో వెలుగు బలాన్ని కొలిచే మీటరు. నా పరిశోధన అంతా వెలుగును పంచడం గురించే గనక తప్పు కూడా అక్కడే దొరుకుతుందని నమ్మాను. రెండుగా చీలాక నాగర్‌కర్నూల్ పాయ బలహీనపడి, బొమ్మ మసకగా వస్తోందేమో. పిల్లలకు బోర్డు మీద అంకెలు కనబడక సొంతంగా ఏదో రాస్తున్నారేమో.

మీటరు పెడితే వెలుగు కావలసినదానికన్నా ఎక్కువే ఉంది. లాప్‌టాప్‌ను అక్కడి నెట్‌వర్క్ పెట్టెకు తగిలించి, నేను రాసుకున్న ప్రోగ్రామ్ నడిపాను. ఆ ఊళ్లో ఎన్ని టీవీలకు పాఠం చేరుతోందో చూసే ప్రోగ్రామ్ అది. పాఠం మొదలైంది. బొమ్మ అద్దంలా వచ్చింది. సారు చొక్కా గుండీలు కూడా కనబడ్డాయి. గంటంతా ఎక్కడా ఆగలేదు. ఫిజిక్స్ సారు వెనక బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చుని చూశాడు. చాలా సంతోషంగా కనిపించాడు.

"రోజూ ఇలాగే వస్తుందా సార్?" అని అడిగాను.

"వస్తది మేడమ్," అన్నాడు. తర్వాత కొంచెం ఆగి, "ఈరోజు ఇంకా మంచిగ అయింది," అన్నాడు. ఆ 'ఇంకా' నాకు చెవిలో పడింది గానీ మనసులో పడలేదు.

లోపం ఏమీ లేదని తిరిగి వచ్చి లెక్కల సారుకు చెప్పాను. ఆయన తలూపారు. తర్వాతి అధ్యాయం మీద ఇంకో పరీక్ష పెట్టారు. మళ్లీ అదే. గద్వాల పిల్లలు ఆయన దారిలో, నాగర్‌కర్నూల్ పిల్లలు బొమ్మల దారిలో. ఈసారి ఆయన నన్ను పిలిపించలేదు. కాగితాలు నా బల్ల మీద పెట్టి పోయారు.

రెండోసారి వెళ్లినప్పుడు బస్సు ఆలస్యమై, నేను చేరేసరికి పాఠం మొదలైపోయింది. లాప్‌టాప్ బయటికి తీయకుండా వెనక బెంచీలో ఒక అమ్మాయి పక్కన కూర్చున్నాను. బొమ్మ బాగుంది. లెక్కల సారు ఒక లెక్క మొదలుపెట్టి, సగం దాకా వచ్చి, చాక్‌పీసు ఎత్తారు. అక్కడే ఆగిపోయారు. ఎత్తిన చేయి అలాగే ఉండిపోయింది. ఒక్క క్షణం తర్వాత తెర నల్లబడింది.

నేను లేచి నిలబడ్డాను. క్లాసులో ఎవరూ కదలలేదు. పిల్లలు నోటు పుస్తకాల్లో కొత్త పేజీ తిప్పారు. ఫిజిక్స్ సారు లేచి, టీవీ ఆపేసి, చాక్‌పీసు తీసుకుని, బోర్డు మీద ఒక బొమ్మ గీయడం మొదలుపెట్టాడు.

"సార్, పాఠం పోయింది," అన్నాను.

"ఆ, పోతది మేడమ్," అన్నాడాయన, గీత ఆపకుండానే. "గంతే గదా."

"గంతే అంటే?"

అప్పుడు ఆయన నా వైపు తిరిగాడు. ఆయనకూ అర్థం కానట్టుంది. "పెద్ద సార్ జరసేపు చెప్తడు, మొదలుపెట్టిస్తడు. మిగిలింది మేం చెప్పాలె. గట్లనే పెట్టిన్రు గదా మేడమ్?"

ఎవరు పెట్టారు, ఎవరు చెప్పారు అని అడిగితే ఎవరూ చెప్పలేదన్నాడు. మొదటిరోజు నుంచీ కొంచెంసేపు వచ్చి ఆగిపోతోంది. ప్రతిసారీ దాదాపు అంతసేపే. కరెంటు పోయినట్టు ఒక్కోరోజు ఒక్కోచోట ఆగితే లోపం అనుకునేవాడట. ఒకే తీరుగా ఆగుతోంది గనక పద్ధతి అనుకున్నాడు. వనపర్తి సారుకు రెండు ఊళ్లున్నాయి, అందరికీ గంటంతా ఎందుకు చెప్తాడు, ఇక్కడ మనుషులున్నారు కదా అనుకున్నాడు. లెక్కలు తన సబ్జెక్టు కాదు. అందుకే ప్రతి పాఠానికీ ముందురోజు ఇంట్లో కూర్చుని చదువుకుని వచ్చేవాడు. తనకు సమీకరణాలకన్నా బొమ్మలతో తేలిక గనక బొమ్మలతో చెప్పాడు.

"మరి నేను పోయినసారి వచ్చినప్పుడు మొత్తం వచ్చింది కదా సార్?"

దానికి నా పక్కనున్న అమ్మాయి జవాబు చెప్పింది. నల్లమల లోపల పెంట అని పిలిచే చెంచుల గూడెం నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. వాళ్ల నాన్న అడవిలో తేనె తీస్తాడని తర్వాత తెలిసింది. "మీరు వచ్చిన్రని మొత్తం చెప్పిండనుకున్నం మేడమ్. ఇన్‌స్పెక్షన్ అప్పుడు మా దగ్గర గూడ గట్లనే చెప్తరు."

పిల్లలు కొంచెం నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నేను ఉంటే వచ్చింది, లేకపోతే రావడం లేదు. ఇప్పుడు నేను ఉన్నాను, అయినా పోయింది. బస్సులో వెనక్కి వస్తూ దీన్ని ఎటు నుంచి ఎటు తిప్పినా ఒక దారి దొరకలేదు.

లెక్కల సారుకు చెప్పాలి. స్టాఫ్‌రూమ్‌లో అందరూ వెళ్లాక చెప్పాను.

"అంటే గిన్ని దినాలు ఎవరికి చెప్పినట్టమ్మా?"

"గద్వాలకు మొత్తం పోయింది సార్."

"గద్వాలకు పోయిందని ఎట్ల తెలుసు?"

గద్వాల మేడమ్ ఫోనులో చెప్పిందే నాకు తెలుసు. నాగర్‌కర్నూల్ సారు కూడా ఫోనులో బాగానే చెప్పాడు. ఎవరు వింటున్నారో కనిపెట్టడమే నా పరిశోధన.

గైడుగారికి ఫోన్ చేస్తే, "గద్వాలలో ఏముంది, నాగర్‌కర్నూల్‌లో ఏం లేదు, ముందు అది చూడు," అన్నారు. చలికాలం మొదలైన రోజులు. పెబ్బేరు దాటి, బీచుపల్లి వంతెన మీదుగా కృష్ణ దాటి గద్వాల వెళ్లాను. పాఠం జరుగుతోంది. నిజంగానే పూర్తిగా వస్తోంది. ఇటిక్యాల వైపు ఊళ్ల నుంచి వచ్చే పిల్లలు టీవీలోని సారు "తెలిసిందా?" అనగానే "తెలిసింది సార్" అని గట్టిగా జవాబు చెబుతున్నారు. ఆయనకు వినబడదని వాళ్లకు తెలుసు. సరదాకు అలవాటు చేసుకున్నారట.

అక్కడి గదిలో మేము పంపిన నెట్‌వర్క్ పెట్టె పక్కన దుమ్ముపట్టిన ఇంకో పెట్టె ఉంది. ఇదేమిటని అడిగాను.

"అది పాతది మేడమ్. మునుపు ఇంటర్నెట్టుకు పెట్టిన్రు. ఎందుకుందో మాకు తెల్వదు. పీకితే ఏమైతదో అని పీకలే," అంది గద్వాల మేడమ్.

ఆమె అనుమతితో పిల్లలకు చెప్పి ఆ పాత పెట్టెను ఆపేశాను. బొమ్మ వస్తూనే ఉంది. వస్తూనే ఉంది గనక అది కారణం కాదనుకుని, నిరాశగా తీగలు సర్దుకుంటున్నాను. నాలుగైదు నిమిషాలయ్యాక వెనక పిల్లలు "అరే" అన్నారు. తిరిగి చూస్తే తెర నల్లగా ఉంది.

తర్వాత కొన్ని రోజులు కూర్చుని చదివితే విషయం తేలింది. మా నెట్‌వర్క్ పెట్టె పాఠాన్ని ఊరికే పంచదు. "ఇంకా ఎవరైనా చూస్తున్నారా?" అని ఎవరో ఒకరు మధ్యమధ్య అడుగుతూ ఉండాలి. టీవీ వైపు ఉన్న కంప్యూటరు "నేను చూస్తున్నాను" అనాలి. ఆ జవాబు విన్నంతకాలం పెట్టె పాఠాన్ని లోపలికి వదులుతుంది. టీవీ పెట్టగానే కంప్యూటరు అడగకుండానే ఒకసారి ఆ మాట అంటుంది, అందుకే పాఠం మొదలవుతుంది. ఆ తర్వాత కొంతసేపు జవాబు వినబడకపోతే అందరూ వెళ్లిపోయారనుకుని తలుపు మూసేస్తుంది. గద్వాలలో ఎవరికీ అక్కరలేని ఆ పాత పెట్టె అలా అడుగుతూ ఉంది. నాగర్‌కర్నూల్‌లో అడిగేవాళ్లు లేరు. అడగలేదు గనక కంప్యూటరు చెప్పలేదు, చెప్పలేదు గనక పాఠం ఆగింది. నేను మొదటిసారి వెళ్లిన రోజు నా లాప్‌టాప్‌లోని ప్రోగ్రామే ఆ ప్రశ్న అడిగింది. అది అలా అడిగేలా రాసినదాన్ని నేనే అయినా ఆ సంగతి నాకు తట్టలేదు.

నాగర్‌కర్నూల్ పెట్టెలోనే అడిగే ఏర్పాటు ఉంది. దాన్ని ఎవరూ వాడుకలోకి తేలేదంతే. వెళ్లి ఆ పని చేసి వచ్చాను. "ఇంతేనా?" అన్నారు గైడుగారు. ఇంతేనన్నాను. ఆ రోజు నుంచి పాఠం బెల్లు దాకా వచ్చింది. నేను ఎన్నో వారాల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాను.

రెండు వారాలు కాకముందే నాగర్‌కర్నూల్ నుంచి ఫోన్ వచ్చింది. ఫిజిక్స్ సారు కాదు, ఆ నల్లమల అమ్మాయి. ఆఫీసు ఫోన్ నుంచి అడిగి చేసింది.

"మేడమ్, పాఠం మొత్తం వస్తుంది గని మా సార్ చెప్తలేడు. ఎన్కకు కూసుంటుండు. మునుపటి లెక్క చెయ్యరాదా?"

మునుపటి లెక్క అంటే మునుపటిలాగా, పాఠం మధ్యలో ఆగిపోయేలాగా. పెద్ద సారును అడుగుతానన్నాను. అడగడానికి మొహమాటపడుతూనే అడిగాను. మీ పాఠం మొత్తం వద్దంటున్నారని ఒక మనిషితో ఎలా చెబుతాం? ఆయన విని, "శనివారం నేనే వస్త, పా," అన్నారు.

ఆ శనివారం పాఠం లేదు. ఇద్దరం బస్సులో నాగర్‌కర్నూల్ వెళ్లాం. ఫిజిక్స్ సారు బస్టాండుకు వచ్చాడు. లెక్కల సారును చూడగానే చేయెత్తి సలాం చేసి, తర్వాత నమస్కారం కూడా పెట్టాడు. ఆయన కంగారు చూస్తే తప్పు చేసి పట్టుబడ్డవాడిలా ఉన్నాడు. తెరమీది మనిషి ఎదురుగా రావడం పిల్లలకు కూడా కొత్తగా ఉంది. అందరూ ఆయనను కాళ్ల నుంచి తల దాకా చూశారు. తెరమీద ఆయన నడుము పైనే కనబడేవారు.

లెక్కల సారు చాక్‌పీసు తీసుకోలేదు. వెనక బెంచీలో కూర్చుని, "మీరు చెప్పున్రి, నేను వింట," అన్నారు. ఫిజిక్స్ సారు బొమ్మ గీసి, చెరిపి, మళ్లీ గీశాడు. కొంచెంసేపటికి చెరపడం మానేశాడు. ఒకచోట తప్పు జరిగింది. ఆ బొమ్మ అన్ని సందర్భాలకూ సరిపోదు. లెక్కల సారు లేవబోయి మళ్లీ కూర్చున్నారు. క్లాసు అయ్యాక ఇద్దరూ బోర్డు దగ్గర నిలబడ్డారు.

"ఈ బొమ్మ ఈడ తప్పుతది. చూసిన్రా?"

"అల్లా. చూడలే సార్. పిల్లలకు గట్లనే చెప్పిన ఇన్నొద్దులు."

"నేను గూడ పిల్లలకు గీ బొమ్మ ఎన్నడూ గీయలే. ముప్పై ఏండ్లు సమీకరణమే పట్టుకున్న. పరేషాన్ కాకున్రి."

అక్కడే తేల్చుకున్నారు. సగం పాఠం వనపర్తి నుంచి, సగం ఇక్కడి నుంచి. ఎక్కడ ఆపాలో ముందురోజు ఫోనులో మాట్లాడుకుంటారు. నా వైపు తిరిగి లెక్కల సారు, "నాగర్‌కర్నూల్‌కు నేను చెప్పినకాడ ఆగాలె, గద్వాలకు మొత్తం పోవాలె. అయితదా?" అన్నారు.

అవుతుందన్నాను. ఆగకుండా చేయడానికి పడ్డ కష్టంకన్నా ఆపడానికి ఎక్కువ కష్టపడ్డాను. ఒక ఊరికి మధ్యలో ఆపి ఇంకో ఊరికి నడపడం కోసం నా ప్రోగ్రామ్ సగం తిరగరాశాను. మొదట్లో రెండుసార్లు గద్వాలకు ఆగి నాగర్‌కర్నూల్‌కు నడిచింది. గద్వాల మేడమ్ ఫోన్ చేసి, "మేం గూడ సగం చెప్పాల్నా?" అని అడిగింది.

ఆ ఇద్దరు సార్ల ఫోన్లు నాకు తెలియకుండా సాగాయి. లెక్కల నుంచి మొదలై ఎటెటో పోయేవని, అక్కడి ఎండలూ ఇక్కడి మోకాళ్ల నొప్పులూ అన్నీ వచ్చేవని తర్వాత విన్నాను. చివరి పరీక్షలో నాగర్‌కర్నూల్ పిల్లలు కొందరు బొమ్మలు వేశారు, కొందరు సమీకరణాలు రాశారు. ఒకరిద్దరు రెండూ కలిపి గందరగోళం చేశారు. మార్కులు గద్వాలకన్నా ఎక్కువా తక్కువా అన్నది ఎటూ తేలలేదు. కొన్ని ప్రశ్నల్లో ఎక్కువ, కొన్నిటిలో తక్కువ. విద్యా సంవత్సరం ముగియగానే ప్రయోగం కూడా ముగిసింది. పెట్టెలు వెనక్కి తీసుకుపోయారు.

నా థీసిస్‌లో ఒక అధ్యాయం ఈ ఆపడం గురించే రాశాను. మౌఖిక పరీక్షలో బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఆ అధ్యాయం తెరిచి పెట్టుకుని అడిగాడు. "అందరూ పాఠం ఆగకుండా చేరాలని పనిచేస్తారు. బాగా వస్తున్నదాన్ని చూసేవాళ్లుండగానే ఆపడం ఎవరికి కావాలి?"

నాగర్‌కర్నూల్ సంగతి చెప్పడం మొదలుపెట్టాను. స్పర్శరేఖ దగ్గర మొదలుపెట్టి, పెట్టె దగ్గరికి వచ్చి, వెనక్కి పోయి, నల్లమల అమ్మాయి ఫోన్ దాకా వచ్చాను. చెబుతుంటే అది ఇంజనీరింగ్ జవాబు కాదని నాకే అనిపించింది. గైడుగారు కిటికీ వైపు చూస్తున్నారు. పరీక్షకుడు చివరిదాకా విన్నాడు. "అంటే అది లోపమా, అవసరమా?" అని అడిగాడు.

"మొదట లోపం సార్. తర్వాత వాళ్లు అడిగారు," అన్నాను.

ఆయన కాగితం మీద ఏదో రాసుకుని, తర్వాతి ప్రశ్నకు పోయాడు. డిగ్రీ వచ్చింది. ఆయన నా జవాబును ఒప్పుకున్నాడో, ఇక చాలనుకుని వదిలేశాడో ఇప్పటికీ నాకు తెలియదు.